జూన్ 1న పుట్టిన పిల్లలు

నా పదో తరగతి సర్టిఫికెట్‌లో పుట్టిన తేదీ జూన్ 1. మా అమ్మ లెక్క వేరు. "చెనక్కాయలు పీకతా ఉన్నారు, పెరటాసి నెల పోయి పది దినాలు గూడా కాలేదు" అంటుంది. అంటే అక్టోబర్ ఆఖరు. సర్టిఫికెట్‌ను నమ్మితే నేను పుట్టేనాటికే నాకు అయిదు నెలలు. బడిలో చేర్చడానికి మా జేజి నన్ను తీసుకుపోయినప్పుడు అయ్యవారు అడిగింది ఒకే మాట: "అయిదేండ్లు నిండినాయా?" నిండినాయని జేజి చెప్పింది. జూన్ 1కి నిండినట్టు రాస్తే ఆ ఏడే చేర్చుకోవచ్చు. ఆయన రాశారు. మా వాడ నుంచి ఆ ఏడాది బడిలో చేరిన వాళ్లమంతా ఒకే రోజున పుట్టాం.

ఇందులో అయ్యవారి దుర్మార్గం ఏమీ లేదు. తల్లిదండ్రులు కూలికి పోతే ఇంటి దగ్గర పిల్లల్ని చూసేవాళ్లు లేరు. బడిలో పేరుంటే మధ్యాహ్నం అన్నం దొరుకుతుంది. ఆ రోజు ఆయన రాసిన తేదీ మాకు మేలే చేసింది. అదే తేదీ పదేళ్ల తర్వాత ఆటల మైదానంలో ఏం చేస్తుందో అప్పుడు ఎవరికీ పట్టలేదు.

తిరుపతిలో ఎస్వీయూ తారకరామ స్టేడియంలోనో, చిత్తూరు మెసానికల్ గ్రౌండులోనో సెలక్షన్ల రోజున పొద్దున్నే పోయి నిలబడితే ఆటకంటే ముందు ఒక బల్ల కనిపిస్తుంది. బల్ల వెనక ఇద్దరు ముగ్గురు పీఈటీలు, ముందు ఎంట్రీ ఫారాలు పట్టుకున్న పిల్లలు. ఫారానికి పిన్ను కొట్టిన ఆధార్ జిరాక్సు, పుట్టిన సర్టిఫికెట్ జిరాక్సు, హెడ్మాస్టర్ సంతకం పెట్టిన బోనఫైడ్. అన్నింట్లో తేదీ ఒకటే ఉంటే లోపలికి. ఒకదాంట్లో వేరుగా ఉంటే పక్కన నిలబడాలి. పక్కన నిలబడినవాళ్లు ఊళ్లో ఏ దిక్కు నుంచి వచ్చారో ఎవరూ రాసిపెట్టరు. నా పరిశోధన అంశం వేరే అయినా ఈ బల్ల దగ్గరికి మళ్లీ మళ్లీ పోతున్నాను. అక్కడ చూసినదాన్ని, దాని వెనక ఉన్న నియమాలను విడదీసి చెప్పడానికే ఈ వ్యాసం.

వయసు మెట్లు

ముందు ఒక విషయం ఒప్పుకోవాలి. వయసు నిబంధన అవసరమే. పన్నెండేళ్ల బిడ్డను పదహారేళ్ల వాడి ముందుకు కూతకు పంపితే అది ఆట కాదు. వయసు దాచి ఆడేవాళ్లు ఉన్నారు, ఆడించేవాళ్లు అంతకంటే ఎక్కువ ఉన్నారు. 2015 డిసెంబర్‌లో ఢిల్లీలో పటౌడీ స్మారకోపన్యాసం ఇస్తూ రాహుల్ ద్రావిడ్ జూనియర్ క్రికెట్‌లో వయసు దాచడాన్ని ఫిక్సింగ్, అవినీతి సరసన పెట్టి మాట్లాడారు. ఆ మాటతో నాకు పేచీ లేదు. పద్ధెనిమిదేళ్లవాడు పదహారేళ్లని చెప్పి ఆడితే టీమ్‌లో చోటు పోయేది నిజంగా పదహారేళ్లున్న పిల్లవాడికి. ఆ పిల్లవాడికి అండ లేకపోతే గట్టిగా అడిగేవాళ్లు కూడా ఉండరు.

మన దగ్గర ఎక్కువమంది పిల్లలకు తెలిసిన మెట్లు స్కూల్ గేమ్స్ ఫెడరేషన్‌వి: అండర్-14, అండర్-17, అండర్-19. లెక్క డిసెంబర్ 31కి చూస్తారు. ఉదాహరణకు 2024-25లో అండర్-14 ఆడాలంటే 2011 జనవరి 1న గానీ ఆ తర్వాత గానీ పుట్టి ఉండాలి. కబడ్డీ ఫెడరేషన్ పోటీల్లో వయసుతో పాటు బరువు కూడా ఉంది. సబ్ జూనియర్ బాలురకు 16 ఏళ్లు, 55 కిలోలు. జూనియర్ బాలురకు 20 ఏళ్లు, 70 కిలోలు. వాడల్లో పిల్లలు ఎక్కువగా ఆడే ఆటలో, ఒంటిని కూడా లెక్కలోకి తీసుకునే ఈ పద్ధతి ఉండటం గమనించాలి. ఇంగ్లండ్‌లోని ఫుట్‌బాల్ అకాడమీలు పిల్లల్ని పుట్టిన ఏడాదిని బట్టి కాకుండా ఒంటి ఎదుగుదలను బట్టి జట్లు చేసి ఆడించడం ఈమధ్యనే మొదలుపెట్టాయి. మన కబడ్డీకి అది పాత సంగతి.

ఈ మెట్లు ఆటతో ఆగిపోవు. మండలం, డివిజన్, జిల్లా, రాష్ట్రం దాటి జాతీయ స్కూల్ గేమ్స్ ఆడితే వచ్చే సర్టిఫికెట్‌కు విలువ ఉంది. కేంద్ర ప్రభుత్వ ఉద్యోగాల స్పోర్ట్స్ కోటాలో దానికి ప్రత్యేకంగా ఒక ఫారం ఉంది, ఫారం 4. డిగ్రీ కాలేజీలో, ఇంజనీరింగ్‌లో స్పోర్ట్స్ కోటా సీటుకు చూసేదీ, ప్రైవేటు కాలేజీలు ఫీజు మాఫీ చేసి ఆటగాళ్లను పిలుచుకునేటప్పుడు అడిగేదీ ఆ కాగితాలే. రాష్ట్రంలో ఉద్యోగాల స్పోర్ట్స్ కోటాను 2 శాతం నుంచి 3 శాతానికి పెంచుతున్నట్టు 2024 క్రీడా విధానంలో ప్రకటించారు. అంటే పదమూడేళ్లప్పుడు బల్ల దగ్గర పక్కన నిలబడిన బిడ్డ పోగొట్టుకునేది ఒక ఆట కాదు. పదేళ్ల తర్వాతి ఒక సీటును, ఒక ఉద్యోగాన్ని కూడా.

రెండు తప్పుల్లో ఒకదానికే పేరుంది

కాగితంలో వయసు తప్పుగా ఉండటం రెండు రకాలు. అసలు కంటే తక్కువ ఉండటం ఒకటి, ఎక్కువ ఉండటం ఇంకొకటి. మొదటిదాన్ని వయసు మోసం అంటాం. దానికి నియమావళి ఉంది, శిక్ష ఉంది, పత్రికల్లో శీర్షిక ఉంది. రెండోదానికి పేరు కూడా లేదు.

ఒక లెక్క చూద్దాం. ఒక పిల్లవాడు నిజంగా 2011 నవంబర్‌లో పుట్టాడు. అక్కతో పాటు బడికి పోతాడని హెడ్మాస్టర్ 2010 జూన్ 1 అని రాశారు. అసలు తేదీతో అయితే అతను 2024 దాకా అండర్-14 ఆడవచ్చు. కాగితం తేదీతో 2023తోనే అయిపోతుంది. అండర్-17లోనూ అంతే, అండర్-19లోనూ అంతే. ప్రతి మెట్టు మీదా ఒక్కో ఏడాది పోయింది. పోయింది చివరి ఏడాది. ఆ గుంపులో తానే పెద్దవాడై, ఒంట్లో బలం వచ్చి, జిల్లా టీమ్‌లోకి ఎంపికయ్యే అవకాశం బాగా ఉండే ఏడాది అదే. దానికి బదులు ఆ ఏడు అతను పై గుంపులో, తనకంటే రెండు మూడేళ్లు పెద్దవాళ్ల మధ్య బెంచీ మీద కూర్చుంటాడు.

ఏడాదిలో ముందు పుట్టినవాళ్లకు జట్లలో ఎక్కువ చోటు దొరుకుతుందని 1980లలోనే కెనడా ఐస్ హాకీ మీద రోజర్ బార్న్‌స్లీ, ఆయన సహచరులు చూపించారు. జనవరిలో పుట్టినవాడు డిసెంబర్‌లో పుట్టినవాడికంటే పదకొండు నెలలు పెద్ద. కోచ్ కంటికి ఆ పదకొండు నెలలు ప్రతిభలాగా కనిపిస్తాయి. మంచి శిక్షణ వాడికే పోతుంది, నిజంగానే మంచి ఆటగాడవుతాడు. పదకొండు నెలలకే ఇంత తేడా ఉంటే, కాగితం మీద ఏడాదిన్నర ముసలివాడైపోయిన పిల్లవాడి సంగతి ఊహించుకోవచ్చు. అతని గురించి ఎవరూ ఫిర్యాదు చేయరు. అతనికి కూడా తెలియదు. తనకు ఆట రాదనుకుని మానేస్తాడు.

కడప పుట్లంపల్లిలోని ప్రభుత్వ క్రీడా పాఠశాల పిల్లల్ని నాలుగో తరగతిలోనే చేర్చుకుంటుంది. ఎత్తు, బరువు, పరుగు, గెంతు చూసి మార్కులు వేస్తారు. ఆ వయసులో ఒక ఏడాది తేడా అంటే ఎత్తులోనే అయిదారు సెంటీమీటర్లు. అంత చిన్నప్పుడే వడపోత జరుగుతున్నప్పుడు తప్పుడు తేదీ మొదటి దెబ్బ అక్కడే కొడుతుంది.

కాగితం ఎవరు రాశారు

జనన మరణాల నమోదు చట్టం 1969లో వచ్చింది. పుట్టిన 21 రోజుల్లోపు నమోదు చేయిస్తే ఫీజు లేదు. 30 రోజుల దాకా ఆలస్య రుసుము. ఏడాది దాటితే మేజిస్ట్రేట్ ఉత్తర్వు కావాలి. మన వైపు జనం దీన్ని ఆర్డీఓ ఆర్డర్ అంటారు. ముందు పంచాయతీ నుంచో మున్సిపాలిటీ నుంచో రికార్డులో పేరు లేదన్న పత్రం తేవాలి, తర్వాత తహసీల్దారు విచారణ, ఆ తర్వాత ఆర్డీఓ. 2023 సవరణ ఈ అధికారాన్ని కలెక్టరు, సబ్ డివిజనల్ మేజిస్ట్రేట్, కలెక్టరు నియమించిన ఎగ్జిక్యూటివ్ మేజిస్ట్రేట్‌ల చేతుల్లో పెట్టింది.

చట్టం వచ్చి యాభై ఏళ్లు దాటింది కదా అనిపించవచ్చు. జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే అంకెలు చూడండి. దేశంలో అయిదేళ్లలోపు పిల్లల్లో జనన నమోదు జరిగినవాళ్లు 2005-06 సర్వేలో సుమారు 41 శాతం. 2015-16లో సుమారు 80 శాతం. 2019-21లో 89 శాతం. ఇప్పుడు అండర్-17, అండర్-19 ఆడుతున్న పిల్లల్లో ఎక్కువమంది మొదటి రెండు సర్వేల మధ్య పుట్టినవాళ్లు. నమోదు ఎగబాకుతున్న కాలం అది. ఆ ఎగబాకడంలో ముందు ఎవరు ఎక్కారో, ఆఖరున ఎవరు మిగిలారో చెప్పడానికి సర్వే అక్కర్లేదు. శ్రీకాళహస్తి, సూళ్లూరుపేట వైపు యానాది కుటుంబాలను అడగండి. చెరువు కట్టల మీద, ఇటుక బట్టీల దగ్గర బతికే ఇళ్లలో పిల్లలకే కాదు, పెద్దలకు కూడా ఆధార్ లేనివాళ్లు ఉన్నారు.

మా జిల్లాలకు ఇంకో చిక్కు ఉంది. మూడు రాష్ట్రాల సరిహద్దు ఇది. తొలి కాన్పు పుట్టింట్లో. పలమనేరు, కుప్పం, నగరి వైపు ఆ పుట్టిల్లు తమిళనాడులోనో కర్ణాటకలోనో ఉండటం మామూలే. కష్టమైన కాన్పయితే రాయవేలూరుకు తీసుకుపోతారు. చట్టం ప్రకారం ఎక్కడ పుడితే అక్కడే నమోదు. కాబట్టి బిడ్డ బడి చిత్తూరు జిల్లాలో, జనన రికార్డు పక్క రాష్ట్రంలో. ఆస్పత్రి నుంచి వచ్చేనాటికి బిడ్డకు పేరు పెట్టి ఉండరు, సర్టిఫికెట్‌లో ఆ గడి ఖాళీ. తండ్రి పేరు తమిళ పద్ధతిలో ఒక అక్షరానికి కుదించుకుపోతుంది. పైగా మా వాడల పేర్ల వెనక రికార్డుల్లో ఎ.ఎ.డబ్ల్యు., హెచ్.డబ్ల్యు. అని ఉంటుంది. ఆదిఆంధ్రవాడ, హరిజనవాడ అని అర్థం. ఒక కాగితంలో ఆ అక్షరాలుంటాయి, ఇంకో కాగితంలో ఊరి పేరు మాత్రమే ఉంటుంది. ఇద్దరూ ఒకే బిడ్డ అని నిరూపించుకునే పని ఆ బిడ్డ నాయన మీద పడుతుంది. ఆయన ఆ రోజు కూలి మానుకోవాలి.

2024 చివర్లో బడుల్లో అపార్ ఐడీల కోసం ఆధార్‌నూ అడ్మిషన్ రిజిస్టర్‌నూ పోల్చినప్పుడు ఈ తేడాలు గుట్టలుగా బయటపడ్డాయి. తల్లిదండ్రులు ఆధార్ కేంద్రాల ముందు బారులు తీరారు. చాలామంది చేసింది ఏమిటంటే, రిజిస్టర్‌లో ఉన్న జూన్ 1నే ఆధార్‌లోకి ఎక్కించడం. ఇప్పుడు రెండు కాగితాలూ కలిశాయి. రెండూ తప్పు. ఆధార్‌లో పుట్టిన తేదీని మామూలుగా ఒక్కసారే మార్చనిస్తారు కాబట్టి, ఆ అవకాశం కూడా అక్కడే ఖర్చయిపోయింది. ఆధార్ అసలు పుట్టిన తేదీకి రుజువే కాదని సుప్రీంకోర్టు 2024 అక్టోబర్‌లో సరోజ్ వర్సెస్ ఇఫ్కో టోకియో కేసులో చెప్పింది. మైదానంలో బల్ల దగ్గర ఆ తీర్పు ఎవరికీ గుర్తుండదు.

క్రికెట్‌లో ఇంకో మెలిక. పుట్టిన రెండేళ్ల తర్వాత నమోదైన సర్టిఫికెట్ ఉంటే అండర్-19లో ఎన్నేళ్లు ఆడవచ్చన్నదానికి కోత పెడుతూ బీసీసీఐ 2020లో నిబంధన ప్రకటించింది. ఆలస్యంగా నమోదు చేయించినవాళ్లలో మోసగాళ్లు ఉండవచ్చన్నది దాని వెనక లెక్క. ఉంటారు కూడా. కానీ ఆలస్యంగా నమోదు చేయించేవాళ్లలో ఇంట్లో కాన్పయినవాళ్లు, వలస పోయినవాళ్లు, చదువు రాని తల్లిదండ్రులు కూడా ఉంటారు. చట్టం ఏమో ఆలస్యమైనా వచ్చి నమోదు చేయించుకోమంటుంది. చేయించుకుని వస్తే ఆట అనుమానిస్తుంది.

ఎముక ఏం చెబుతుంది

కాగితం మీద నమ్మకం లేక ఆటలు ఒంటిని అడుగుతున్నాయి. బీసీసీఐ అండర్-16 స్థాయిలో వాడే పద్ధతి పేరు టీడబ్ల్యూ3. ఎడమ చేతి, మణికట్టు ఎక్స్‌రే తీస్తారు. పిల్లల ఎముకల చివర్లలో ఎదుగుదల పొర ఉంటుంది, వయసు వచ్చేకొద్దీ అది మూసుకుపోతుంది. ఏ ఎముక ఏ దశలో ఉందో చూసి మార్కులు వేసి, ఆ మార్కులను ఎముక వయసుగా మారుస్తారు. ఆ కొలత బాలురలో పదహారున్నర దగ్గర, బాలికల్లో పదిహేను దగ్గర ఆగిపోతుంది. అక్కడికి ఎముకలు పూర్తిగా ఎదిగిపోతాయి, తర్వాత ఈ పద్ధతి చెప్పేది ఏమీ ఉండదు. అందుకే అండర్-19కు మళ్లీ కాగితాల మీదే ఆధారపడాలి. ఫిఫా 2009 అండర్-17 ప్రపంచ కప్ నుంచి మణికట్టుకు ఎంఆర్ఐ తీయిస్తోంది.

ఎముక వయసు, పుట్టిన వయసు ఒకటి కావు. సగటు దగ్గర అవి కలుస్తాయి, ఒక్కొక్క బిడ్డలో తేడా ఉంటుంది. ఎక్స్‌రేతో కట్టిన వయసులో రెండేళ్లు అటూ ఇటూ తేడా ఉండవచ్చని సుప్రీంకోర్టు 1982లోనే జయమాల కేసులో చెప్పింది. టీడబ్ల్యూ3 కొలతలు ప్రధానంగా యూరప్, అమెరికా పిల్లల మీద తయారైనవి. ఇక్కడ మన వైపు వాళ్లు ఒక వాదన చేస్తుంటారు, ఎముక పరీక్ష దళిత పిల్లలకు వ్యతిరేకమని. నేను ఆ వాదనతో ఏకీభవించను. సరైన తిండి లేని పిల్లల్లో ఎముక ఎదుగుదల వెనకబడుతుంది. కాబట్టి పరీక్షలో వాళ్లు అసలు కంటే చిన్నగా కనిపించే అవకాశమే ఎక్కువ. పరీక్ష వాళ్లను బయటికి పంపదు. నిజానికి కాగితం మీద జూన్ 1 వల్ల ముసలివాడైన పిల్లవాడికి ఎముక పరీక్ష సాయం చేయగలదు. కానీ ఆ దిశలో దాన్ని ఎవరూ వాడటం లేదు. ఎక్కువ వయసు పట్టుకోవడానికి ఎక్స్‌రే ఉంది, తక్కువ వయసు నిరూపించుకోవడానికి లేదు.

ఇదే వయసు ప్రశ్నను నేర న్యాయ చట్టం ఎలా అడుగుతుందో చూడండి. జువెనైల్ జస్టిస్ చట్టం 2015, సెక్షన్ 94. ముందు బడి సర్టిఫికెట్ లేదా మెట్రిక్ సర్టిఫికెట్. అది లేకపోతే పంచాయతీ, మున్సిపాలిటీ ఇచ్చిన జనన పత్రం. అవేవీ లేనప్పుడు మాత్రమే ఎముక పరీక్ష. ఎన్నికల వివాదంగా వచ్చిన బిరద్‌మల్ సింఘ్వీ కేసులో 1988లో సుప్రీంకోర్టు ఇంకో మాట చెప్పింది: బడి రిజిస్టర్‌లో తేదీ ఎవరు చెబితే రాశారో తేలకపోతే దానికి రుజువుగా విలువ లేదని. మా జేజి, మా అయ్యవారు, ఆ జూన్ 1 ఈ తీర్పులో ఉన్నారు. ఒకే బిడ్డకు కోర్టులో ఒక వయసు, బల్ల దగ్గర ఇంకో వయసు, ఎక్స్‌రేలో మూడో వయసు వచ్చినా మన వ్యవస్థకు ఇబ్బంది లేదు.

గురుకులంలో సడలింపు, మైదానంలో లేదు

రాష్ట్ర సాంఘిక సంక్షేమ గురుకులాల్లో అయిదో తరగతి ప్రవేశానికి ఇతరులకు వయసు సుమారు 9 నుంచి 11 ఏళ్లు. ఎస్సీ, ఎస్టీ పిల్లలకు 9 నుంచి 13 ఏళ్లు. మా పిల్లలు బడికి ఆలస్యంగా వస్తారని, మధ్యలో ఆగి మళ్లీ వస్తారని రాజ్యం ఒప్పుకున్న చోటు ఇది. (మతం మారిన ఎస్సీ క్రైస్తవులను ఈ లెక్కలో బీసీ-సీగా ఇతరులతో కలుపుతారు. చర్చికి పోతే బిడ్డ రెండేళ్లు తొందరగా బడికి వచ్చేస్తుందని ఎవరు తేల్చారో మరి.)

ఆ సడలింపుతో చేరిన బిడ్డ మైదానంలో ఏమవుతుందో లెక్క వేశాను. 2012 సెప్టెంబర్‌లో పుట్టిన పిల్ల 2025 జూన్‌లో అయిదో తరగతిలో చేరిందనుకుందాం. ఆరో తరగతికి వచ్చేసరికి అండర్-14 అయిపోతుంది. ఎనిమిదో తరగతితో అండర్-17 అయిపోతుంది. పదో తరగతితో అండర్-19 కూడా అయిపోతుంది. ఇంటర్ మొదటి సంవత్సరంలో అడుగుపెట్టేసరికి స్కూల్ గేమ్స్ తలుపులన్నీ మూసుకున్నాయి. అదే తరగతి గదిలో పక్క బెంచీ మీద కూర్చున్న, తొమ్మిదేళ్లకు చేరిన పిల్ల ఇంటర్ రెండో ఏడు కూడా ఆడుతుంది. ఇద్దరి కాగితాలూ సరైనవే. ఇక్కడ మోసం లేదు, తప్పుడు తేదీ లేదు. చదువులో ఇచ్చిన సడలింపును ఆట వెనక్కి తీసుకుంది, అంతే.

మరి ఆటలో కూడా ఎస్సీ, ఎస్టీలకు రెండేళ్ల సడలింపు అడగాలా? ఒక మీటింగ్‌లో ఈ డిమాండ్ పెడితే చప్పట్లు కొట్టారు. నేను కొట్టలేదు. కబడ్డీ కోర్టులో ఎదురుగా ఉండే పద్నాలుగేళ్ల పిల్ల కూడా ఇంకో వాడ పిల్లే కావచ్చు. అడగాల్సింది వేరే. పోటీలో వయసు అలాగే ఉండనివ్వండి. కాలేజీ సీటుకు, ఫీజు మాఫీకి, హాస్టల్‌కు ఆటగాళ్లను ఎంచుకునేటప్పుడు అండర్-17, అండర్-19 సర్టిఫికెట్లే కొలమానం కావడం ఎందుకు? ఓపెన్ టోర్నమెంట్లలో ఆడినవాళ్లకు మైదానంలో ట్రయల్స్ పెట్టి తీసుకోవచ్చు. అంతర్ విశ్వవిద్యాలయ పోటీలకు కూడా వయసు పరిమితి ఉంది, ఇంటర్ పాసై ఎన్నేళ్లయిందన్న లెక్క కూడా ఉంది. ఇంటర్ తర్వాత రెండేళ్లు తిరుప్పూరు మిల్లులోనో బెంగళూరు కట్టడాల్లోనో పనిచేసి మళ్లీ డిగ్రీలో చేరిన పిల్లవాడికి ఆ గడియారం పనిచేసిన రోజుల్లో కూడా తిరిగింది. అమెరికాలో కాలేజీ ఆటల పెద్ద సంఘం ఎన్‌సీఏఏ మొదటి డివిజన్‌లో అయిదేళ్ల గడియారం పెట్టి నాలుగు సీజన్లు ఆడనిచ్చే పద్ధతిని చాలాకాలం నడిపింది. ఆ గడియారం కాలేజీలో పూర్తికాల విద్యార్థిగా చేరిన రోజున మొదలవుతుంది. దాన్ని కూడా ఎత్తేసి వయసు లెక్క పెట్టాలన్న చర్చ అక్కడ నడుస్తోంది. గడియారం ఎప్పుడు మొదలవ్వాలన్నదే అక్కడా ఇక్కడా అసలు తగువు. ఆలస్యంగా చదువుకునేవాళ్లు ఎవరో తెలిసిన సమాజంలో అది చిన్న ప్రశ్న కాదు.

చిన్న అనుబంధం. 2014 మే 25న ఇదే గురుకులాల విద్యార్థులు పూర్ణ, ఆనంద్ కుమార్ ఎవరెస్ట్ ఎక్కారు. పూర్ణకు అప్పటికి పదమూడేళ్ల పదకొండు నెలలు. ఎవరెస్ట్ ఎక్కిన బాలికల్లో అతి చిన్న వయసని ప్రపంచమంతా రాసింది. వయసు అనే అంకె మా పిల్లలకు అనుకూలంగా నిలబడిన రోజు నాకు తెలిసి అదొక్కటే.

శిక్ష ఎవరికి

వయసు మోసం మీద కేంద్రం మొదటి నియమావళిని 2010లో తెచ్చింది. 2025 మార్చిలో కొత్త ముసాయిదాను అభిప్రాయాల కోసం బయటపెట్టింది. అందులో ముఖ్యమైనవి ఇవి: నమోదు చేసుకునేటప్పుడే మూడు పత్రాలు తప్పనిసరి, సరిచూసిన వయసును డిజిటల్‌గా శాశ్వతంగా తాళం వేయడం, మొదటిసారి పట్టుబడితే రెండేళ్ల నిషేధం, పతకాలు వెనక్కి, రెండోసారి అయితే జీవితకాల నిషేధం, ఎఫ్ఐఆర్. అసలు వయసు తామే చెప్పుకునేవాళ్లకు ఒకసారికి ఆరు నెలల క్షమాభిక్ష గడువు. తోడ్పడిన కోచ్‌లు, అధికారుల మీద కూడా చర్య, అప్పీలుకు ఏర్పాటు.

కోచ్‌లను కూడా బాధ్యులను చేయడం మంచి మాట. నాకు భయం వేసేది తాళం దగ్గర. పదకొండేళ్ల బిడ్డ పేరు నమోదు చేసే రోజున రిజిస్టర్‌లో జూన్ 1 ఉంటే, ఆధార్‌లో కూడా అదే ఎక్కి ఉంటే, ఆ తప్పుకే శాశ్వత తాళం పడుతుంది. క్షమాభిక్ష కూడా వయసు తగ్గించుకున్నవాళ్లను దృష్టిలో పెట్టుకుని రాసిందే. వయసు పెరిగిపోయినవాళ్లు ఆ గడువులో వచ్చి ఏం చెప్పుకోవాలో స్పష్టంగా లేదు.

2001లో అమెరికా లిటిల్ లీగ్ బేస్‌బాల్‌లో డానీ అల్మాంటే అనే అబ్బాయి న్యూయార్క్ బ్రాంక్స్ జట్టుకు ఆడి సంచలనం చేశాడు. డొమినికన్ రిపబ్లిక్ నుంచి వచ్చిన కుటుంబం. పన్నెండేళ్లని ఆడించారు, అసలు పద్నాలుగని తేలింది. జట్టు గెలుపులన్నీ రద్దయ్యాయి. అయితే లిటిల్ లీగ్ జీవితకాలం నిషేధించింది అతని తండ్రినీ, జట్టు నడిపిన పెద్దమనిషినీ. కాగితం మార్చే శక్తి ఎవరికి ఉందో అక్కడ చూశారు. మన దగ్గర పద్నాలుగేళ్ల బిడ్డ ఫారం మీద సంతకం పెట్టినందుకు రెండేళ్లు ఇంట్లో కూర్చుంటే, ఆ వయసులో ఆ రెండేళ్లే ఆట మొత్తం.

ఆరోపణ వచ్చినప్పుడు నిలబడటానికి కూడా శక్తి కావాలి. బ్యాడ్మింటన్ ఆటగాడు లక్ష్య సేన్, ఆయన కుటుంబం, కోచ్ మీద జనన పత్రం విషయంలో పెట్టిన కేసును సుప్రీంకోర్టు 2025 జులైలో కొట్టేసింది. కేసు నడిపించడమే అన్యాయమని అంది. ఆయనకు న్యాయం దొరికింది, సంతోషం. మండల స్థాయిలో ఆపేసిన పిల్లకు జిల్లా కేంద్రానికి బస్సు చార్జీ దొరకడమే కష్టం.

ఇప్పుడు చేయగలిగింది

2023 అక్టోబర్ 1 తర్వాత పుట్టిన పిల్లలకు బడి ప్రవేశం దగ్గర్నుంచి జనన పత్రమే పుట్టిన తేదీకి రుజువు. వాళ్లు అండర్-14 ఆఖరి ఏడాదికి వచ్చేది 2036లో. అప్పటిదాకా మైదానానికి వచ్చేవాళ్లందరూ పాత కాగితాల పిల్లలే. కాబట్టి విద్యార్థి సంఘాలు, వాడల్లో పనిచేసేవాళ్లు ఇప్పుడే చూడాల్సినవి కొన్ని ఉన్నాయి.

పేరు లేని జనన సర్టిఫికెట్‌లో పేరు చేర్చుకోవడానికి నమోదైన తేదీ నుంచి 15 ఏళ్లే గడువు. 2011లో పుట్టిన బిడ్డకు అది 2026తో ముగుస్తుంది. పక్క రాష్ట్రంలో పుట్టి ఉంటే అక్కడి నమోదు కార్యాలయానికే పోవాలి, మన మీసేవలో పని కాదు. బడి రిజిస్టర్‌లో తేదీ సరిచేయించాలంటే పదో తరగతి నామినల్ రోల్స్ పోకముందే చేయించాలి. పదో తరగతి మెమోలో అచ్చయిన తర్వాత బోర్డు సరిచేసేది రాతపొరపాట్లనే, రిజిస్టర్‌లోనే తప్పుంటే అది రాతపొరపాటు కాదంటారు. ఆధార్‌లో తేదీని జనన పత్రం చేతికి వచ్చాకే మార్చాలి, రిజిస్టర్‌ను చూసి మార్చకూడదు. ఆర్డీఓ ఆర్డర్‌తో వచ్చిన ఆలస్య నమోదు అయితే, ఆలస్యం ఎందుకైందో ఆశా కార్యకర్త దగ్గర, అంగన్‌వాడీ దగ్గర ఉన్న పాత రికార్డు నకళ్లు తీసి జత చేసి పెట్టుకోవాలి. టీకాల కార్డు పారేయకండి. చాలా ఇళ్లలో అసలు తేదీకి దగ్గరగా ఉండే కాగితం అదొక్కటే.

నాకు తెలిసిన ఎనిమిదో తరగతి పిల్ల ఒకతె ఉంది, ఖోఖోలో మంచి పరుగు. పుట్టింది గుడియాత్తం దగ్గర అమ్మమ్మ ఊళ్లో. రిజిస్టర్‌లో ఏడాదికి పైగా ఎక్కువ రాసి ఉంది, తేదీ జూన్ 1. వాళ్ల నాయన రెండుసార్లు కూలి మానుకుని పోయి పేరు చేర్పించిన సర్టిఫికెట్ తెచ్చుకున్నాడు. హెడ్మాస్టర్ కాదనలేదు, సరిచేయడానికి పై ఆఫీసుకు రాశారు. కాగితం ప్రకారం ఆ పిల్లకు అండర్-14 నిరుడే అయిపోయింది. అసలు తేదీ ప్రకారం ఇదే ఆఖరి ఏడు. మండల సెలక్షన్లకు ఇంకా మూడు వారాలుంది. ఫైలు నంబరు నా ఫోన్‌లో ఉంది, రోజూ వాళ్ల నాయన అడుగుతాడు, "ఏమైనా తెలిసిందామ్మా?" అని.